కోడిగుడ్డు చుక్కలు

అక్టోబర్ 6

వదినా,

పార్శిల్ విప్పగానే ఇదేదో పాత కుళాయి ముక్క అనుకుని పక్కన పడేస్తావేమోనని ఉత్తరం పైన పెట్టాను. ఫోన్ చేద్దామంటే అన్నయ్య స్పీకర్ పెట్టేస్తాడు. నేను నీకు చెప్పేది తనే నీకు చెబుతాడు, నువ్వు నాకు చెప్పేది తనే నాకు చెబుతాడు. పోయినసారి కుక్కర్ గ్యాస్కెట్ అడిగితే వాషింగ్ మిషన్ బెల్టు వచ్చింది. అందుకే కాగితం.

మా మిద్దె మీద టెలిస్కోపు పెట్టి ఆకాశం ఫోటోలు తీస్తానని నీకు తెలుసు. ఎందుకు తీస్తానో నీకు అర్థం కాదని నాకూ తెలుసు. ఒక్కో ఫోటోకి కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచాలి. ఈలోగా భూమి తిరుగుతుంది కాబట్టి టెలిస్కోపు కూడా చుక్కల వెంట తిరగాలి. మోటారు తిప్పుతుంది గానీ దానికి అంత ఒడుపు లేదు. అందుకని పెద్ద కెమెరాకి ముందు ఇదిగో ఈ చిన్న డబ్బా బిగిస్తాం. లోపల గోరంత గాజు ముక్క ఉంటుంది. అది పక్కనుంచి కాస్త వెలుగు దొంగిలించి, పైన ఉండే చిన్న కెమెరాకి అందిస్తుంది. ఆ చిన్న కెమెరా పని ఒక్కటే. ఒక చుక్క మీద చూపు నిలిపి, అది ఏమాత్రం జరిగినా మోటారుకి "ఇటు లాగు" అని చెప్పాలి. కాపలా మనిషన్నమాట.

మరి కాపలా మనిషికే చూపు ఆనకపోతే? ఆ కెమెరాని గొట్టంలో చేత్తో పైకీ కిందకీ జరిపి, చుక్క సూదిమొనలా కనిపించిన చోట ఆపి, పక్కనున్న స్క్రూ బిగించాలి. బిగించగానే కెమెరా ఒక పక్కకి ఒరుగుతుంది, ఫోకస్ పోతుంది. వదులు చేస్తే జారిపోతుంది. మూడేళ్లుగా ఇదే గొడవ. ఫోటోలో చుక్కలన్నీ కోడిగుడ్లలా సాగి వస్తున్నాయి.

తిప్పితే మెల్లగా పైకీ కిందకీ నడిచే మరల గొట్టం ఒకటి చేసిపెట్టు. మరలు సన్నగా ఉండాలి. కొలతలు వెనక పేజీలో వేశాను. నువ్వు సెలవులో ఉన్నావని, ఇంట్లో ఖాళీగా ఉన్నావని అన్నయ్య చెప్పాడు. నేను తీయాలనుకుంటున్న పొగమబ్బు ఒకటి, చుక్కల మధ్య వెలుగుతుందే నెబ్యులా అని, అది ఈ డిసెంబర్ దాటితే ఎదురింటి నీళ్ల ట్యాంకు వెనక్కి పోతుంది. తొందరేమీ లేదు అని రాయాలి గానీ, తొందరే.

నీ ఆడపడుచు,
పిచ్చుక


అక్టోబర్ 17

పిచ్చుకా,

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. ఉన్న పూర్తి మొగుడు ఎప్పుడూ పని చెప్పలేదు, అర్ధమొగుడు చెబుతోంది.

నేను ఖాళీగా ఉన్నానని మీ అన్నయ్య చెప్పాడా? సరే, ఉన్నాననే అనుకో. మా పాత మేస్త్రి షెడ్డులో లోహం చెక్కే లేత్ ఒకటి ఉంది. ఆదివారాలు వాడుకోమన్నాడు. బయటి రింగు అల్యూమినియం, లోపలి గొట్టం ఇత్తడి. రెండూ ఒకే లోహమైతే మరల దగ్గర ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ఒక ఇంట్లో ఇద్దరు మొండివాళ్లున్నట్టు.

గొట్టం, నీ డబ్బా రెండూ ఇందులో పెట్టాను, బిగించి చూసి ఎలా ఉందో రాయి. మీ అన్నయ్య పక్కనుంచి "చాలా బాగా చేశావు" అంటున్నాడు. ఆయన ఇంకా కాగితం చుట్ట కూడా విప్పలేదు.

వదిన


అక్టోబర్ 29

వదినా,

నీ గొట్టం అందింది. అద్దంలా మెరుస్తోంది. మెచ్చుకోవడం ఇక్కడితో అయిపోయింది.

రింగు తిప్పితే దాంతోపాటు కెమెరా కూడా తిరుగుతోంది. కెమెరాకి తీగ ఉంటుంది వదినా. రాటకి కట్టిన దూడ చుట్టూ తిరిగి మెడకి తాడు బిగించుకున్నట్టు, తీగంతా దానికే చుట్టుకుంది. పైగా కెమెరా తిరిగిన ప్రతిసారీ ఏది ఎడమో ఏది కుడో మోటారుకి మొదటినుంచీ నేర్పాలి. సరే అదీ భరిద్దామంటే గొట్టం ఎత్తు ఎక్కువైంది. చుక్క ఫోకస్ అయ్యే చోటు ఇంకా కిందుంది, కెమెరా అక్కడిదాకా దిగదు. దిగనిదానికి మరలెందుకు? తిప్పుతుంటే గరగరమని చప్పుడు కూడా. ఇన్నేళ్లుగా ఫ్యాక్టరీలో పంపుల షాఫ్టులు చేసే మనిషివి, వేలంత గొట్టం దగ్గర ఇలా చేస్తావనుకోలేదు.

ఇంకో మాట. నీ అక్షరాలేంటి, కోడి గీకినట్టున్నాయి? మా ఆస్పత్రి డాక్టర్లే నయం. "ఇత్తడి" అన్నదాన్ని "పెత్తనం" అని చదివి కాసేపు ఊరికే కోపం తెచ్చుకున్నాను.

చిరాకులో రాస్తున్నాను. పొద్దుట్నుంచీ ఎక్స్‌రే గదిలో వచ్చినవాళ్లందరికీ "కదలకండి, ఊపిరి బిగపట్టండి" అని చెప్పి చెప్పి ఇంటికొస్తాను. మనుషులు వింటారు. ఈ డబ్బా వినదు.

పిచ్చుక


నవంబర్ 8

ఆడపడుచు గారికి,

మెచ్చుకోవడం ఎక్కడితో అయిపోయిందో రాశారు. తిట్టడం ఎక్కడితో అయిపోతుందో రాయలేదు.

ఎత్తు సంగతి. నువ్వు డబ్బా మీదున్న పాత రింగుతో కలిపి కొలిచావు, రింగు లేనట్టు బొమ్మ గీశావు. నేను బొమ్మ చూసి చేశాను. కెమెరా తిరగకూడదని నీ కాగితంలో ఎక్కడా లేదు. రాయనిది నాకు కలలో కనిపించదు.

అంతా మళ్లీ చేశాను. ఇత్తడి గొట్టానికి నిలువుగా ఒక గాడి తీసి, అందులో సన్నటి పిన్ను దిగేశాను. ఇప్పుడు రింగు మాత్రమే తిరుగుతుంది. కెమెరా తిరక్కుండా లేస్తుంది, దిగుతుంది. ఎత్తు తగ్గించాను.

గరగర అన్నావే, అది ఎక్కడ? మొదట్లోనా, చివర్లోనా, అంతటానా? బిగుతు అంతా ఒకేలా ఉందా? ఇది మాత్రం సరిగ్గా చూసి రాయి. మిగతావి నువ్వెలా రాసినా పట్టించుకోను, ఇది పట్టించుకుంటాను.

నా అక్షరాల జోలికి రాకు.

వదిన


నవంబర్ 19

ప్రియమైన వదినకి,

కొత్త గొట్టం అందింది. బంగారంలా ఉంది. ఎత్తు సరిపోయింది, కెమెరా తిరగడం లేదు. గరగర ఎక్కడా లేదు, మొదట్నుంచి చివరిదాకా వెన్నలా నడుస్తోంది. బిగుతు అంతా ఒకేలా ఉంది. నీ చేతి పని గొప్పది వదినా. పోయినసారి తొందరపడి ఏదేదో రాశాను, మనసులో పెట్టుకోకు.

ఇక దీని గురించి శ్రమ పడొద్దు. వేళకి తిను, విశ్రాంతి తీసుకో. నిజానికి నీ అక్షరాలు కూడా బాగానే ఉన్నాయి.

ప్రేమతో,
పిచ్చుక


నవంబర్ 27

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి, మడిచి, మళ్లీ విప్పి చదివాను. ఇప్పుడు నీకు చెప్పొచ్చు.

నేను సెలవులో లేను. వేసవి చివర్లో ఒక షాఫ్టు మిషన్ మీంచి దించుతుంటే జారింది. కుడి బొటనవేలు, చూపుడువేలు దాని కింద నలిగాయి. కట్టు విప్పాక నన్ను స్టోర్‌లో కూర్చోబెట్టారు. బోల్టులు లెక్కపెట్టి కిటికీలోంచి ఇవ్వడం నా పని. నా కింద నేర్చుకున్నవాళ్లే వచ్చి "అక్కా, నాలుగు నట్లు" అంటారు. మళ్లీ లేత్ దగ్గరికి పోవాలంటే ట్రేడ్ టెస్ట్ పెడతామన్నారు. సన్నటి మర కోసి చూపించాలి. నీ గొట్టానికి కావాల్సింది కూడా అలాంటి మరే. అందుకే ఒప్పుకున్నాను, నీ చుక్కల మీద ప్రేమతో కాదు.

నా చిక్కేంటంటే, ఆ రెండు వేళ్లకీ స్పర్శ సరిగా తిరిగి రాలేదు. మర తిప్పితే బిగుతో వదులో నాకు తెలియడం లేదు. మేస్త్రి దగ్గర ఆ సైజు మర సరిచూసే గేజ్ లేదు. రింగూ నేనే చేశాను, గొట్టమూ నేనే చేశాను. నా తప్పుని నా తప్పే కప్పేస్తుంది. ఇంకొకరి వేళ్లు కావాలి. మీ అన్నయ్యని అడిగితే మట్టిముద్ద చేతిలో పెట్టినా బంగారం అంటాడు. ఇంట్లో మొహమాటం లేకుండా తప్పు పట్టే మనిషి ఎవరా అని చూస్తే నువ్వు కనిపించావు.

నువ్వు ఒకేలా ఉందన్నావు. నువ్వన్నావంటే ఉన్నట్టే. నీ ఉత్తరం మేస్త్రికి కూడా చదివి వినిపించాను. టెస్ట్ వచ్చే వారం. చాలా రోజుల తర్వాత నిన్న కడుపునిండా తిన్నాను.

నీ వదిన


డిసెంబర్ 11

టెస్ట్ పోయింది.

ఫోర్మన్ నేను కోసిన మర మీదికి గేజ్ రింగు ఎక్కించాడు. మొదట్లో వదులుగా ఊగుతూ ఎక్కింది, సగం దాటాక పట్టేసింది. అందరూ చూస్తున్నారు. "ఇది చెయ్యి తప్పా అమ్మా, మిషన్ తప్పా?" అన్నాడు. "మిషన్ తప్పే" అన్నాను. ధైర్యంగా అన్నాను, నా దగ్గర నీ ఉత్తరం ఉంది కదా. పాపం, ఆయన ఇంకో మిషన్ ఇచ్చాడు. అక్కడా అదే తప్పు. ఆ తర్వాత ఆయన నా మొహం చూడకుండా "జనవరిలో ఇంకొక్కసారి, అంతే" అన్నాడు.

ఆ సాయంత్రం మన వాళ్ల వాట్సాప్ గ్రూపులో నువ్వు ఫోటో పెట్టావు. అందరూ అద్భుతం అన్నారు. నేను పెద్దది చేసి చూశాను. చుక్కలన్నీ ఒకే వైపుకి సాగిన కోడిగుడ్లు. మీ అన్నయ్యని నిలబెట్టి అడిగితే కక్కాడు. నీకు నవంబర్‌లోనే చెప్పాడట నా చేతి సంగతి. "దానికి కాస్త మంచిమాట రాయి" అన్నాడట. నువ్వు రాశావు. అక్షరాలు బాగున్నాయన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషివనే నీ పని ఒప్పుకున్నాను. నాకు ఆ ఈకలే కావాలి. జాలి మా ఇంట్లో కావాల్సినంత ఉంది, గిన్నె కూడా తోమనివ్వడం లేదు. నువ్వు పంపిన జాలితో నేను పదిమందిలో నిలబడి మిషన్ మీద అబద్ధం చెప్పాను.

దీంతోపాటు నా చేతి ఎక్స్‌రే పెట్టాను. ఇక్కడ డాక్టరు "చూద్దాం, చూద్దాం" అంటాడు, మీ అన్నయ్య దాన్ని "బాగైపోతుంది" అని నాకు తర్జుమా చేస్తాడు. చూడ్డం నీకు వచ్చిన పని. చూసి ఉన్నది రాయి. రాయలేకపోతే ఎక్స్‌రే తిప్పి పంపెయ్, ఉత్తరం అక్కర్లేదు.


డిసెంబర్ 18

వదినా,

క్షమించమని అడగను. అడిగితే నువ్వు "పర్లేదు" అనాలి, అది ఇంకో అబద్ధం అవుతుంది.

అన్నయ్య ఫోన్ చేసినప్పుడు నీ రెండో గొట్టం నా బల్ల మీదే ఉంది. కోడి గీకినట్టున్నాయని నేను రాసిన మాట గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గు కప్పుకోవడానికి రాసిన ఉత్తరం అది. టెస్ట్ అని నువ్వు రాశాక వెంటనే ఫోన్ చేశాను. అన్నయ్య తీశాడు. "ఇన్నాళ్లకి నవ్వుతోంది, ఇప్పుడేం చెప్పకు" అన్నాడు. నేను ఊరుకున్నాను. తను ఆపాడని చెప్పి తప్పించుకోను, మీ ఇంటికి బస్సు ఉంది.

కోపం నాకూ ఉంది. రోజూ ఎవరెవరివో చేతులు పలక మీద పెట్టించి ఎక్స్‌రే తీస్తాను. మా ఇంటి చెయ్యి ఒకటి నలిగితే నాకు చూపించలేదు. నువ్వు చెప్పి ఉంటే నేను ఆ మాట రాసేదాన్ని కాదు, ఆ మాట రాయకపోతే ఈ అబద్ధమూ రాసేదాన్ని కాదు.

ఇప్పుడు గొట్టం. తిప్పడం మొదలుపెట్టగానే బిగుతుగా ఉంటుంది, పోనుపోను వదులవుతుంది. చివరికి కెమెరా కదులుతున్న పన్నులా ఊగుతుంది. టెలిస్కోపు తూర్పు వైపు చూస్తున్నంతసేపూ ఫర్వాలేదు. పడమటికి వాలగానే కెమెరా తన బరువుకి తనే ఒరుగుతుంది. ఒరిగాక దానికి చుక్కే కదిలినట్టు కనిపిస్తుంది. కదలని చుక్క కోసం మోటారుని తిప్పిస్తుంది. గుడ్లు అలా పుడుతున్నాయి. చలి పెరిగితే నీ గ్రీజు మైనంలా గట్టిపడుతోంది. పిన్నూ గాడీ మటుకు సరిగ్గా ఉన్నాయి. వాటిలోనూ తప్పు వెతికాను, దొరకలేదు.

ఎక్స్‌రే నేను చూశాను. తర్వాత ఎవరిదో చెప్పకుండా మా ఎముకల డాక్టరమ్మకి చూపించాను. ఆవిడ అన్నమాట అన్నట్టే రాస్తున్నాను. "ఎముక అతుక్కుంది గానీ కీలు దగ్గర కాస్త వంకరగా అతుక్కుంది. ఈవిడ రాసుకోగలదు, వండుకోగలదు. గట్టిగా పట్టి తిప్పే పనికి పాత బలం పూర్తిగా రాదు. వ్యాయామం చేస్తే కొంత వస్తుంది." ఇంకోసారి అడిగాను. ఇంకోసారి అదే చెప్పింది.

ఈ పేరా రాసి చింపాను. మెత్తగా రాద్దామని చూశాను. మెత్తగా రాస్తే అర్థం మారిపోతోంది.

పిచ్చుక


జనవరి 9

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివాక నీ మీద, ఆ డాక్టరమ్మ మీద, మీ అన్నయ్య మీద వరసగా కోపం వచ్చింది. రెండు ఆదివారాలు షెడ్డు మొహం చూడలేదు. మీ అన్నయ్య "డాక్టర్లు అలాగే అంటార్లే" అన్నాడు. గ్లాసు విసిరాను. ఆయన మీదకి కాదు, గోడకి. ఎడమచేత్తో విసిరితే గోడకి కూడా సరిగ్గా తగల్లేదు.

తర్వాత స్టోర్‌లో కూర్చుని ఆలోచించాను. గట్టిగా పట్టి తిప్పే పని అన్నది కదా ఆవిడ. లేత్ మీద నా వేళ్ల బలంతో జరిగే పని ఒకటుంది, మర కోసే టూల్‌ని బిగించడం. బిగించానని నేననుకుంటున్నాను, నా వేలు బిగించడం లేదు. కోస్తూ పోయేకొద్దీ ఆ టూల్ వెంట్రుకవాసి వెనక్కి తగ్గుతోంది. అందుకే మర ఒక చివర సన్నం, ఇంకో చివర లావు. ఏ మిషన్ ఇచ్చినా అంతే. పాపం ఫోర్మన్, పాపం మిషన్.

పానాకి పొడుగు పైపు తొడిగి తిప్పితే అంత బలం అక్కర్లేదు. ఇది నాకు తెలియక కాదు. మా షాపులో పైపు తొడిగేవాళ్లు కొత్తగా చేరినవాళ్లు, వాళ్లని చూసి నవ్వినవాళ్లలో నేనొకదాన్ని. అందుకని తొడగలేదు. మొన్న ఆదివారం తొడిగాను. మేస్త్రి చూశాడు. వెళ్లి రెండు టీలు తెచ్చాడు.

ఇది మూడో గొట్టం. ఊగకుండా అడుగున స్ప్రింగ్ పెట్టాను. పలచటి గ్రీజు రాశాను. ఫోకస్ కుదిరాక కదలకుండా ఉండడానికి పైన ఇంకో సన్న రింగు, అది లాక్. నా టెస్ట్ ఇరవయ్యో తారీకున. ఈసారి నీ ఉత్తరం కోసం ఆగను. నువ్వు మాత్రం చూసింది చూసినట్టు రాయి.

వదిన


జనవరి 24

వదినా,

టెస్ట్ ఏమైందో అన్నయ్యని అడగలేదు. తను ఫోన్‌లో చెప్పబోతే వద్దన్నాను, నువ్వే రాయి.

ముందు చెడ్డ కబురు. నా పొగమబ్బు ట్యాంకు వెనక్కి పోయింది. నీ గొట్టం వచ్చేసరికే పోయింది. మళ్లీ వచ్చే ఏడాదే. ఎదురింటాయన్ని ట్యాంకు కాస్త జరపమని అడుగుదామా అని కూడా అనుకున్నాను, అంత తిక్కగా ఉంది. మూడేళ్లకి నాలుగో ఏడు.

ఉన్నదాంతో సరిపెట్టుకుందామని నడినెత్తి మీదుగా పోయే చుక్కల గుంపొకటి తీశాను. తూర్పున ఉన్నప్పుడు తీశాను, పడమటికి వాలాక తీశాను. రెండూ పక్కపక్కన పెట్టి మూలమూలా చూశాను. చుక్కలు గుండ్రంగా ఉన్నాయి. అటు చివరా గుండ్రం, ఇటు చివరా గుండ్రం. బిగుతు మొదట్నుంచి చివరిదాకా ఒకేలా ఉంది. కళ్లు మూసుకుని తిప్పి చూశాను, ఎడమచేత్తో తిప్పి చూశాను, పక్కింటావిడని పిలిచి తిప్పించాను. ఆవిడ "దీన్నెందుకు తిప్పాలమ్మా" అంది.

ఒక తప్పుంది. ఫోకస్ కుదిరాక లాక్ రింగు బిగిస్తుంటే, చివర్లో అది కింది రింగుని కూడా తనతోపాటు కాస్త లాక్కుపోతోంది. వెంట్రుకంతే. ఆ వెంట్రుకకి చుక్క మసకబారుతుంది. ముందే కొంచెం వెనక్కి తిప్పి ఉంచి బిగిస్తే సరిపోతోంది, పని నడుస్తోంది. రాయాలా వద్దా అని ఒక పూట ఆలోచించాను. ఆలోచించినందుకు నామీద నాకే చిరాకేసి రాస్తున్నాను.

పిచ్చుక


ఫిబ్రవరి 2

పిచ్చుకా,

టెస్ట్ అయ్యింది. ఫోర్మన్ గేజ్ ఎక్కించాడు, చివరిదాకా పోయింది. తీసి, రెండో వైపునుంచి ఎక్కించాడు, పోయింది. పానాకి నేను తొడిగిన పైపు చూసి "ఇదేంటి?" అన్నాడు. "నా బొటనవేలు" అన్నాను. రాసుకున్నాడు. పోయినసారి మిషన్ తప్పేం లేదని కూడా ఆయనకి చెప్పాను. అది రాసుకోలేదు.

సోమవారం నుంచి లేత్ మీదున్నాను. సంబరపడకు. నా పాత మిషన్ ఇంకొకరికి ఇచ్చేశారు. నాకిచ్చింది తలుపు పక్కన మూలనున్నది. కుంటి గాడిదలా నడుస్తుంది, బెల్టు జారుతుంది, దాని వంక చూసేవాళ్లు లేరు. సాయంత్రానికి చెయ్యి వాచిపోతోంది. మీ అన్నయ్య వేడినీళ్లు పెట్టి ఇస్తూ "ఈ రోజు వాపు తక్కువే" అంటాడు. నేను "ఎక్కువే" అంటాను. ఈ మధ్య "అవును, ఎక్కువే" అనడం నేర్చుకుంటున్నాడు.

ఇక నీ లాక్ రింగు. అది కింది రింగుని లాక్కుపోతుందని నాకు తెలుసు. పార్శిల్ కట్టకముందే తెలుసు, మేస్త్రి తిప్పి చూసి చెప్పాడు. దాని మందు కూడా ఆ రోజే చేశాను, లోపలికి ఒక పన్ను ఉన్న పలచటి వాషర్. పన్ను గాడిలో దిగుతుంది కాబట్టి వాషర్ తిరగదు, అది తిరగదు కాబట్టి కింది రింగు కదలదు. చేసి, పెట్టెలో పెట్టకుండా నా సొరుగులో దాచుకున్నాను. నువ్వు చెబుతావో లేదో చూద్దామని.

ఈ ఉత్తరం మడతలో ఉంది. లాక్ రింగు కింద వేసి బిగించు.

వదిన